చిన్న కుక్కలకు ఇంటి వంట: కోడిమాంసం, అన్నం సరిపోతాయా?

ప్రశ్న:
మా ఇంట్లో రెండు చిన్న కుక్కలు. పొమెరేనియన్ బరువు 4 కిలోలు, డాక్స్‌హండ్ 7. పొమెరేనియన్ ప్యాకెట్ గుళికల వాసన చూసి మూతి తిప్పుకుంటుంది, నేను పొయ్యి వెలిగిస్తే మాత్రం కాళ్లకు అడ్డం పడుతుంది. రెండోదానికి ఏదైనా ఒకటే, గిన్నె కూడా మెరిసేలా నాకుతుంది. రెండింటికీ ఉడికించిన కోడిమాంసం, అన్నం, క్యారెట్ మొదలుపెడదామనుకుంటున్నాను. ఉప్పు, మసాలా వేయను. ఇంకా ఏం చూసుకోవాలి? ఎంత పెట్టాలి?

జవాబు:
మా ముసలి స్పిట్జ్‌కు ఏళ్లుగా వండి పెడుతున్నాను. మీరు రాసినది కడుపు పాడైన కుక్కకు రెండు మూడు రోజులు పెట్టే పథ్యమండీ. నెలల తరబడి అదే పెడితే చిక్కు. మాంసంలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది, కాల్షియం లేదనే చెప్పాలి. తిండిలో ఈ రెండూ కనీసం సమానంగా ఉండాలి, కాల్షియం రెట్టింపు మించకూడదు. తక్కువైతే శరీరం దాన్ని ఎముకల్లోంచి లాక్కుంటుంది. "ఎముకలు వేస్తాం కదా" అనే వాళ్లున్నారు. ఉడికిన ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది, ఆ ఊసే వద్దు. జింక్, అయోడిన్, విటమిన్ డి, ఇ కూడా ఈ వంటలో చాలవు.

2013లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 200 వంటకాలను లెక్కగట్టి చూస్తే, 95 శాతం వంటకాల్లో కనీసం ఒక పోషకం తక్కువని తేలింది. వాటిలో పశువైద్యులు రాసినవీ ఉన్నాయి! అందుకే నా వంటకం ఇక్కడ రాయను. పశు పోషకాహారం తెలిసిన వైద్యుల చేత మీ రెండింటికీ విడివిడిగా రాయించుకోండి.

పరిమాణం సంగతి: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన 4 కిలోల కుక్కకు రోజుకు సుమారు 320 కిలోకేలరీలు, 7 కిలోలదానికి 480 దాకా. ఇది తొలి అంచనా మాత్రమే, బరువు చూస్తూ సర్దుకోవాలి. చిన్న చెంచాడు నూనెలో 40 ఉంటాయి, అంటే మీ పొమెరేనియన్ రోజు తిండిలో ఎనిమిదో వంతు. పెద్ద కుక్క విషయంలో పట్టించుకోనక్కరలేని చెంచా ఇక్కడ లెక్కలోకి వస్తుంది.

మరొకరి జవాబు:
కోడి తోలు, కొవ్వు తీసేయండి. కొవ్వు ఎక్కువైతే కొన్ని కుక్కలకు క్లోమం వాస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ అసలు తగలనివ్వకండి. వారం, పది రోజుల పాటు పాత తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి, లేకపోతే విరేచనాలు తప్పవు.

ప్రశ్న అడిగినవారు:
గుడ్డు పెంకుల పొడి వేస్తే కాల్షియం సరిపోతుంది కదా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
కాల్షియం వరకు సరే. కానీ చిన్న చెంచాడు మెత్తని పొడిలో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. మీ పొమెరేనియన్‌కు రోజుకు కావలసింది అర గ్రాము లోపే. చెంచాలు వదిలేసి గ్రాముల్లో చూపే త్రాసు కొనండి. కాల్షియం మితిమీరితే జింక్ ఒంటికి పట్టదు, పైగా పెంకులో జింక్ గానీ అయోడిన్ గానీ కావలసినంత ఉండవు. వాటికి వైద్యులు చెప్పిన మిశ్రమం వేయవలసిందే. డాక్స్‌హండ్‌ను మాత్రం వారానికోసారి తూచండి. వాటి వెన్నెముక అసలే సున్నితం, ఒళ్లు చేస్తే ముందు దెబ్బతినేది నడుమే.