తొమ్మిది, పది తరగతుల లెక్కలు: ఒకే గదిలో ఇన్ని రకాల పిల్లలుంటే ఎలా చెబుతున్నారు?

లెక్కల_టీచర్_నల్గొండ:
జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. మా తొమ్మిదిలో ఒకబ్బాయి వినికిడి మిషన్ పెట్టుకుంటాడు. ఒకమ్మాయికి చూపు తక్కువ, మొదటి బెంచీలో కూర్చున్నా బోర్డు కనపడదు. ఇంకో బాబు నోటితో ఏది అడిగినా చెబుతాడు, కానీ నాలుగు వేల ఐదు రాయమంటే 40005 అని రాస్తాడు. వీళ్లు కాక ఎక్కాలు రానివాళ్లు, భాగహారం దగ్గరే ఆగిపోయినవాళ్లు క్లాసులో సగం మంది. మరోపక్క బాసర ట్రిపుల్ ఐటీ సీటు కోసం చదువుతున్నవాళ్లు నలుగురైదుగురు. వచ్చే వారం బహుపదులు మొదలుపెట్టాలి. ట్రైనింగుల్లో విన్నవి కాకుండా, మీ క్లాసులో పనికొచ్చినవి చెప్పండి.

గణితమిత్ర_తెనాలి:
మేడం, పాఠం మొదలుపెట్టే ముందు ఒక పీరియడ్ దీనికి ఇవ్వండి. బోర్డు మీద ఐదు లెక్కలు రాయండి: −3 − 5, 1/2 + 1/3, 4005 − 978, 7 × 6, 2(ఎక్స్ + 3). మార్కులు వేయొద్దు. ఎవరు ఏ మెట్టు దగ్గర తప్పారో మాత్రం రాసుకోండి.

మా దగ్గర −3 − 5 కి 8 అని రాసేవాళ్లే ఎక్కువ. ఎందుకని అడిగితే "మైనస్ మైనస్ ప్లస్ కదా సార్" అంటారు. గుణకారానికి చెప్పిన సూత్రాన్ని ఇక్కడ తగిలించేశారు. ఆ పిల్లాడికి బహుపదుల కూడిక ఎంతసేపు చెప్పినా జవాబు తప్పే వస్తుంది. మనమేమో వాడికి బహుపదులు రావట్లేదనుకుంటాం. నేను కొట్టు బాకీతో చెబుతాను. 3 రూపాయలు బాకీ ఉన్నావు, ఇంకో 5 రూపాయలకు అరువు తెచ్చావు, మొత్తం ఎంత? 8 అంటారు. నీ చేతిలో ఉన్న 8నా, నువ్వివ్వాల్సిన 8నా? అప్పుడు వాళ్లే మైనస్ పెడతారు.

1/2 + 1/3 = 2/5 రాసినవాళ్లకు తప్పని చెప్పకండి. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందని అడిగి ఊరుకోండి. ఆలోచనలో పడతారు.

ఐఈఆర్పీ_పాలమూరు:
ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సాయం చేసే భవిత కేంద్రం నుంచి నేను స్కూళ్లకు వెళ్తుంటాను. వినికిడి లోపమున్న పిల్లలు మిషన్ ఉన్నా చాలావరకు మన పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడితే ఆ మాటలన్నీ వాళ్లకు పోయినట్టే. రాయడం అయ్యాక ఇటు తిరిగి చెప్పండి. వాళ్లకు సమీకరణం సాధించడం కష్టం కాదు, రాత లెక్క చదవడం కష్టం. "రాము వయసు సీత వయసు కంటే 5 ఎక్కువ" అన్నచోట ఎవరిది పెద్దదో తేలదు. ముందు రెండు గీతలు గీయించండి, పొడుగుది ఎవరిదో రాయించండి, ఆ తర్వాతే ఎక్స్.

చూపు తక్కువున్న అమ్మాయికి అందరికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది "దీన్ని ఇటు తెస్తే, అది అటు పోతే" అనే మన అలవాటు. "కుడివైపున్న ప్లస్ 7 ని తీసేయడానికి రెండు వైపులా 7 తీసేస్తున్నాను" అనండి. ఆ ఒక్క మార్పుతో వెనక బెంచీవాళ్లకు కూడా గుర్తు ఎందుకు మారుతుందో తెలుస్తుంది.

40005 రాసే బాబును మాత్రం ఊరికే వదలకండి. గళ్ల నోటుబుక్కు ఇచ్చి, గడికో అంకె చొప్పున రాయించండి. అయినా అలాగే ఉంటే పరీక్ష చేయించాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో నేర్చుకోవడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు కూడా ఉన్నాయి, లెక్కలకు సంబంధించిన డిస్కాల్కులియా వాటిలోకే వస్తుంది. సర్టిఫికెట్ పనులకు టైం పడుతుంది. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) వెళ్లే ముందు హడావుడి పడేకంటే తొమ్మిదిలోనే మొదలుపెట్టండి.

రిటైర్డ్_మాస్టారు_ఏలూరు:
అన్నీ బాగున్నాయి. కానీ ఈమధ్య ఎక్కాలు రానివాళ్లకు చార్టు చేతికిచ్చేస్తున్నారు. దానికి నేను ఒప్పుకోను. పబ్లిక్ పరీక్షలో చార్టు ఉండదు కదా?

గణితమిత్ర_తెనాలి:
మాస్టారూ, మీరన్నది నిజమే. కానీ కారణాంకాలు నేర్చుకునే పూట 7 × 6 దగ్గరే ఆగిపోతే ఆ పిల్లాడికి రెండూ రావు. పాఠం చెప్పేటప్పుడు చార్టు ఉండనిస్తాను. విడిగా రెట్టింపులు నేర్పిస్తాను: 7, 14, 28, 56. రఫ్ మార్జిన్లో ఈ నాలుగు రాసుకుంటే 7 × 6 అంటే 28 + 14. పరీక్షలో కూడా ఇలా చేసుకోవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు.

రిటైర్డ్_మాస్టారు_ఏలూరు:
ఇది బాగుంది బాబూ. దీనికి అభ్యంతరం లేదు.

చుక్కల_లిపి_హైదరాబాద్:
నాకు చూపు లేదు. పది, ఇంటర్ స్క్రైబుతో (మనం చెప్పింది పేపర్ మీద రాసిపెట్టే మనిషి) రాశాను, ఇప్పుడు బ్యాంకు ఉద్యోగం. కూడికలు, తీసివేతలు టేలర్ ఫ్రేమ్ (చిల్లుల్లో చిన్న ముక్కలు గుచ్చి వేలితో తడిమి లెక్కలు చేసే పలక) మీద నేర్చుకున్నాను. లెక్కలకు బ్రెయిలీలో నెమెత్ కోడ్ అని ప్రత్యేక పద్ధతి ఉంది, అది తెలిసినవాళ్లు మన దగ్గర తక్కువ.

ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది. స్క్రైబుకు లెక్క చెప్పడం కూడా ప్రాక్టీస్ చేయాలి. "ఎక్స్ ప్లస్ 1 హోల్ స్క్వేర్" అనకుండా "ఎక్స్ ప్లస్ 1 స్క్వేర్" అన్నామంటే, రాసేవాళ్లు వర్గాన్ని 1 మీదే వేస్తారు. జవాబు మన బుర్రలో సరిగానే ఉంటుంది, పేపర్ మీద తప్పు పడుతుంది. బ్రాకెట్ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది, లవం ఎంతవరకు, హారం ఎంతవరకు అన్నీ నోటితో చెప్పాలి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. ప్రాక్టీస్ లేకపోతే ఆ టైమంతా దిద్దించడానికే సరిపోతుంది.

అమ్మ_విశాఖ:
మా బాబు సీబీఎస్ఈలో చదువుతున్నాడు. 2020 బోర్డు పరీక్షల నుంచి అక్కడ స్టాండర్డ్, బేసిక్ అని రెండు లెక్కల పేపర్లున్నాయి. సిలబస్ ఒకటే, క్లాసులో చెప్పేదీ ఒకటే, ప్రశ్నల కష్టంలోనే తేడా. బేసిక్ తీసుకున్నాక వాడికి టెన్షన్ తగ్గింది, రోజూ కూర్చుని చేస్తున్నాడు. మన రాష్ట్ర బోర్డుల్లో కూడా ఇలాంటిది రావాలని నా కోరిక.

లెక్కల_టీచర్_నల్గొండ:
అందరికీ థ్యాంక్స్. ఐదు లెక్కల పరీక్ష సోమవారమే పెడతాను. గళ్ల నోటుబుక్కులు కొనేశాను. చుక్కల లిపి గారూ, చూపు తక్కువున్న అమ్మాయికి గ్రాఫులు ఎలా చెప్పాలి? గ్రాఫ్ పేపర్ గళ్లు అస్సలు కనిపించడం లేదు.

చుక్కల_లిపి_హైదరాబాద్:
మేడం, థర్మాకోల్ షీటు మీద నల్ల స్కెచ్ పెన్నుతో రెండు సెంటీమీటర్ల గళ్లు గీయండి. అక్షాలకు లావు దారం ఫెవికాల్‌తో అంటించండి. బిందువుకో గుండుసూది గుచ్చి, సూదుల మధ్య రబ్బర్ బ్యాండ్ లాగితే సరళరేఖ వస్తుంది. చూపుతో కొంత, వేలితో కొంత పట్టుకుంటుంది. మూల బిందువు దగ్గర మాత్రం పెద్ద తల ఉన్న సూది పెట్టండి, దారి తప్పినప్పుడు వేలు మళ్లీ అక్కడికే రావాలి.