జాంగ్ ఓడ: తప్పు కెప్టెన్‌దా, బీమాదా?

ఓడరేవు: జాంగ్ గురించి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. 1781లో లివర్‌పూల్ వ్యాపారుల ఓడ అది, 442 మంది ఆఫ్రికన్లని బానిసలుగా అమ్మడానికి కుక్కుకుని జమైకాకి బయల్దేరింది. దారి తప్పి జమైకా దాటిపోయారు. నీళ్లు చాలవంటూ నవంబర్ 29 నుంచి సుమారు 130 మందిని సముద్రంలోకి తోసేశారు. మొదటి రోజు ఆడవాళ్లనీ పిల్లల్నీ, 54 మందిని, క్యాబిన్ కిటికీల్లోంచి. నా దృష్టిలో ఇది కెప్టెన్ కాలింగ్‌వుడ్ నేరమే. అంతకుముందు అతను ఓడల్లో డాక్టరు. చేతకానివాడికి ఓడ అప్పగిస్తే ఇంకేమవుతుంది?

లెక్కలమాస్టారు: అంతా కెప్టెన్ మీదికి నెట్టేస్తే మిగతావాళ్లు హాయిగా చేతులు దులుపుకుంటారండీ. బీమా షరతు చూడండి. బానిసలు జబ్బుచేసి పోతే నష్టం ఓనర్లది. ఓడని కాపాడటానికి 'సరుకు' పారేశామంటే మాత్రం బీమా ఇచ్చినవాళ్లు తలకి 30 పౌండ్లు కట్టాలి. ఓడలో అప్పటికే జబ్బులు ముదిరాయి. ఈ లెక్క కెప్టెన్ కనిపెట్టిందా?

కృష్ణాతీరం: అసలు నీళ్ల కథే నమ్మబుద్ధి కావట్లేదు నాకు. చివరి గుంపుని తోసేముందే వాన పడిందని 1783లో బీమా డబ్బు కేసు నడిచినప్పుడు కోర్టులో బయటపడింది. డిసెంబర్ 22న ఓడ జమైకా చేరేసరికి 420 గ్యాలన్ల నీళ్లు మిగిలే ఉన్నాయట!

ఓడరేవు: మాస్టారూ, అదే బీమా వందల ఓడలకి ఉంది. అందరూ ఇలా చేయలేదుగా?

లెక్కలమాస్టారు: చేయలేదని ఎవరు చూశారు? జాంగ్ సంగతి బయటికి పొక్కింది కూడా బీమావాళ్లు డబ్బు కట్టేది లేదని మొండికేయడం వల్లే. మొదట జ్యూరీ ఓనర్లకే తీర్పిచ్చింది. జ్యూరీకి ఇది గుర్రాల్ని నీళ్లలో పారేసినట్టే అనిపించిందని జడ్జి మాన్స్‌ఫీల్డే అన్నాడు. కాకపోతే వాన సంగతి తెలిశాక మళ్లీ విచారించమన్నాడు. ఒకప్పుడు తానే బానిసగా బతికిన ఈక్వియానో ఈ వార్త బానిసత్వం మీద పోరాడుతున్న గ్రాన్‌విల్ షార్ప్‌కి చేరవేస్తే, ఆయన హత్య కేసు పెట్టించాలని కాళ్లరిగేలా తిరిగాడు. ఒక్కడి మీద కూడా పెట్టలేదు.

ఓడరేవు: సరే, బీమా సంగతి ఒప్పుకుంటాను. కాలింగ్‌వుడ్‌ని మాత్రం వదలను, ఓడలో మిగతావాళ్లని కూడా. తోసేద్దామన్నప్పుడు మేట్ (కెప్టెన్ కింది అధికారి) కెల్సాల్ మొదట అడ్డుచెప్పాడట, తర్వాత అందరితో పాటు తలూపాడు. అంటే అది తప్పని వాళ్లకి అక్కడే, అప్పుడే తెలుసు.