జులై ఆటల పోటీలు: స్కోరు యాప్‌లో ఈసారి ఏ ఆటలు కలుపుదాం?

యాప్ పని చూసే వాలంటీర్

అందరికీ నమస్కారం. సియాటిల్‌లో మనం జులైలో పెట్టుకునే ఆటల పోటీల స్కోరు యాప్‌లో ఇప్పటికి ఉన్నవి రెండే ఆటలు, క్రికెట్, వాలీబాల్. జులైలోపు ఇంకొన్ని కలపాలని అందరూ అడుగుతున్నారు. గ్రూపులో వచ్చిన కోరికలు ఇవీ: త్రోబాల్, కబడ్డీ, బ్యాడ్మింటన్, పికిల్‌బాల్ (చిన్న కోర్టులో చెక్క బ్యాటు లాంటిదానితో ఆడే, టెన్నిస్‌ను పోలిన ఆట), క్యారమ్స్, టేబుల్ టెన్నిస్, చెస్, ఖోఖో. ఒకరు అష్టాచమ్మా కూడా రాశారు, వేళాకోళమే అనుకుంటున్నా. పని చేసేది నేనూ, శని ఆదివారాల్లో సాయానికొచ్చే ఇద్దరు కాలేజీ పిల్లలూ. అన్నీ కుదరవు.

ఓటింగ్ పెట్టమని కొందరన్నారు. నాకిష్టం లేదు. ఓటింగ్ పెడితే ఏ ఆట గ్రూపులో జనం ఎక్కువుంటే ఆ ఆటే గెలుస్తుంది, దానికి యాప్ అవసరమా కాదా అన్నది తేలదు. అందుకని మీ మీ ఆటల్లో స్కోరు టేబుల్ దగ్గర తగువు ఎక్కడ వస్తోందో రాయండి. అంపైర్ ఇచ్చింది ఫౌలా కాదా అన్న తగువు యాప్ తీర్చలేదు. సర్వీసు ఎవరిది, స్కోరెంత అన్న తగువైతే తీర్చగలదు.

త్రోబాల్ చూసుకునే అక్క

అయితే నాతోనే మొదలుపెట్టు తమ్ముడూ. పోయినసారి సెమీస్ మర్చిపోయావా? టేబుల్ మీద ఫ్లిప్ బోర్డు పెట్టాం. మధ్యాహ్నం గాలి లేచి ఒక కార్డు దానంతటదే తిరిగింది. బోర్డు మీద 13, కాగితం మీద 12. పోనీ కాగితాన్నే నమ్ముదామంటే, రాస్తున్న అమ్మాయి ఐదేసి గీతలకు ఒక కట్ట కట్టకుండా వరసగా గీసుకుంటూ పోయింది. లెక్కపెట్టిన ప్రతివాళ్లకీ ఒక్కో సంఖ్య వచ్చింది. రెండు జట్ల ఆడవాళ్లూ టేబుల్ చుట్టూ చేరిపోయారు, పిల్లది ఏడుపు ఒక్కటే తక్కువ. చివరికి 12 దగ్గర్నుంచి మళ్లీ ఆడించాం. ఓడినవాళ్లు ఇప్పటికీ గుళ్లో కనిపిస్తే ఆ మాటే ఎత్తుతారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. సెట్టు 15కే అని కొందరు, 25 అని కొందరు. వేరే ఊళ్లో ఆడి ఇక్కడికొచ్చినవాళ్లు 21 అంటారు. మ్యాచ్ మొదలయ్యాక ఈ చర్చ పెట్టుకుంటే ఇక తెమలదు.

యాప్ పని చూసే వాలంటీర్

అక్కా, మీ ఆట నాకు పెద్ద పని కాదు. వాలీబాల్‌లో ర్యాలీ (ఒక సర్వీసు నుంచి బంతి ఆగేదాకా సాగే ఆట) ఎవరు గెలిస్తే వాళ్లకి పాయింటు, సెట్టు 25కి, ఆఖరి సెట్టు 15కి, రెండు పాయింట్ల తేడా ఉండాలి. త్రోబాల్‌కీ లెక్క అదే, జట్టులో ఆరుగురి బదులు ఏడుగురు. అందుకని సెట్టు ఎంతకి, తేడా ఎంత ఉండాలి, గరిష్ఠం ఎంత అని మూడు గడులు పెడతాను. మ్యాచ్ మొదలవకముందే ఇద్దరు కెప్టెన్లూ వాటిని చూసి ఓకే నొక్కితే గానీ స్కోరు స్క్రీన్ తెరుచుకోదు. 15, 21 చర్చ అక్కడితో సరి.

ఇవే గడులతో బ్యాడ్మింటన్ సింగిల్స్ కూడా అయిపోతుంది (21కి, తేడా రెండు, 30 దగ్గర ఆఖరు). టేబుల్ టెన్నిస్‌కు 11, తేడా రెండు, గరిష్ఠం ఉండదు, రెండేసి పాయింట్లకు సర్వీసు మారుతుంది, 10-10 అయ్యాక ప్రతి పాయింటుకీ. త్రోబాల్‌లో బంతి పట్టుకున్నాక మూడు సెకన్లలో విసిరారా లేదా అన్నది మాత్రం రిఫరీ చూసుకోవాల్సిందే.

కబడ్డీ కుర్రాళ్ల తరఫున

అన్నా, సాయంత్రం అయ్యేసరికి జనమంతా వచ్చి నిలబడేది కబడ్డీ చుట్టూనే. తెలుగు టైటాన్స్ జెర్సీలు వేసుకుని వస్తున్నారు. టీవీలో వచ్చినట్టు స్కోరు పెద్ద స్క్రీన్ మీద కనబడితే ఆ ఊపే వేరు. త్రోబాల్, టేబుల్ టెన్నిస్‌కు ఉండి మాకు లేకపోతే బాగుండదు.

యాప్ పని చూసే వాలంటీర్

తమ్ముడూ, ఒక్క రైడ్ తీసుకో. మీవాడు కూతకు వెళ్లాడు, బోనస్ గీత దాటాడు, ఒకణ్ణి తాకి తిరిగొచ్చాడు. స్కోరు రాసేవాడు ముందు బోనస్ నొక్కాలి. అది అవతల ఆరుగురికి తగ్గకుండా ఉంటేనే చెల్లుతుంది. తర్వాత టచ్ పాయింటు, అవుటైనవాడి నంబరు. ఆ టచ్ పాయింటుకు మీ వైపు కూర్చున్నవాళ్లలో ముందు అవుటైనవాడు లోపలికి రావాలి, బోనస్‌కు మాత్రం ఎవరూ రారు. ఇదంతా నొక్కేలోపే అవతలివాడు రైడ్‌కు బయల్దేరతాడు, అతని 30 సెకన్లు మొదలవుతాయి. ముగ్గురో అంతకన్నా తక్కువమందో ఉండి పట్టేస్తే సూపర్ ట్యాకిల్ కింద ఇంకో పాయింటు, జట్టంతా అవుటైతే అదనంగా రెండు.

ఇందులో ఒక నంబరు తప్పు నొక్కితే ఆ పాయింటుతో పోదు. లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్కే తప్పుతుంది, దాంతో తర్వాతి బోనసూ, సూపర్ ట్యాకిలూ, ఆలౌటూ అన్నీ తప్పే. టేబుల్ దగ్గర ఆట తెలిసినవాళ్లు ఇద్దరు కూర్చోవాలి. మనం పెట్టేది రెండే ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు, అందులో ఆట బాగా తెలిసినవాళ్లంతా కోర్టులోనే ఉంటారు. ఈ ఏడాదికి కాగితమే మేలు.

కబడ్డీ కుర్రాళ్ల తరఫున

సరే అన్నా, 30 సెకన్ల టైమరైనా ఇవ్వు. టైమైపోయిందా లేదా అని పోయినసారి కొట్టుకున్నంత పని చేశారు.

యాప్ పని చూసే వాలంటీర్

అది ఇస్తా. స్పీకరుకు కలుపుకోండి, టైమ్ అవగానే గట్టిగా బజర్ మోగుతుంది. స్క్రీన్ మీద స్కోరు కావాలంటే రెండు అంకెలూ చేత్తో మార్చుకునే పేజీ ఒకటి పెడతా.

పికిల్‌బాల్ బ్యాచ్ నుంచి

సియాటిల్‌లో ఉండి పికిల్‌బాల్ లేకుండా ఆటల పోటీలు పెడితే నలుగురూ నవ్వుతారు. ఈ ఆట పుట్టిందే ఫెర్రీ ఎక్కితే అరగంట పైచిలుకులో చేరే బెయిన్‌బ్రిడ్జ్ ఐలాండ్‌లో, 1965లో. వాషింగ్టన్ రాష్ట్రం 2022లో దీన్ని అధికారిక క్రీడ కూడా చేసింది.

తగువు సంగతి అడిగారుగా. డబుల్స్‌లో స్కోరు మూడు అంకెల్లో చెప్పాలి: మన పాయింట్లు, అవతలివాళ్ల పాయింట్లు, ఇప్పుడు సర్వీసు చేసేది ఒకటో సర్వరా రెండో సర్వరా అని. సర్వీసు ఉన్న జట్టుకే పాయింటు వస్తుంది. మొదటివాడు పోగొడితే రెండోవాడు చేస్తాడు, అతనూ పోగొడితే అవతలికి పోతుంది. ఆట మొదట్లో మాత్రం 0-0-2 అని మొదలవుతుంది, అంటే మొదట సర్వీసు దొరికిన జట్టుకు ఆ విడతలో ఒక్క సర్వరే. వరసగా ఏడెనిమిది ర్యాలీలు పాయింటు రాకుండా చేతులు మారాక 6-4-1 ఆ, 6-4-2 ఆ అని నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. మా బ్యాచ్‌లో అందరం యాభై దాటినవాళ్లమే, ఎవరికీ గుర్తుండదు, కానీ ఎవరూ ఒప్పుకోరు.

బ్యాడ్మింటన్ కో-ఆర్డినేటర్

మా డబుల్స్‌లోనూ ఇదే బాధ. సర్వీసు చేసే జట్టు స్కోరు సరి సంఖ్యయితే కుడి వైపు నుంచి, బేసి అయితే ఎడమ వైపు నుంచి చేయాలి. సర్వీసు చేస్తూ పాయింటు గెలిస్తేనే ఆ ఇద్దరూ చోట్లు మారాలి, అవతలి ఇద్దరూ ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలి. కొత్తగా ఆడేవాళ్లు ప్రతి పాయింటుకీ అటూఇటూ మారిపోతారు. పిల్లల్ని హైదరాబాదులో సమ్మర్ కోచింగ్‌కు పంపిన తల్లిదండ్రులు గ్యాలరీలోంచే రూల్స్ అరుస్తుంటారు. స్కోరు రాసే పిల్లలు ఎవరి మాట వినాలో తెలియక బిక్కమొహం వేస్తారు. అంతకన్నా టెన్షన్, ఒకేసారి ఆరు కోర్టులు నడుస్తాయి, ఆరింటికీ అంపైర్లను తేలేం.

యాప్ పని చూసే వాలంటీర్

నేనడిగింది సరిగ్గా ఇలాంటి తగువే. యాప్ లోపల స్కోరు దాచుకోం, ర్యాలీలు వరసగా దాచుకుంటాం. మొదట ఎవరు ఎటు నిలబడ్డారో తెలిస్తే, ఆ వరసను మొదట్నుంచి లెక్క కట్టి ఇప్పుడు ఎవరు ఎక్కడుండాలో, సర్వీసు ఎవరిదో యాప్ చెప్పేస్తుంది. తప్పు నొక్కితే ఆ ర్యాలీ తీసేస్తే చాలు, చోట్లు కూడా వాటంతటవే వెనక్కి సర్దుకుంటాయి. పికిల్‌బాల్‌లోనూ సర్వీసు చేసిన జట్టు పాయింటు గెలిస్తేనే చోట్లు మారతారు, కాబట్టి ఒకసారి రాస్తే రెండు ఆటలకూ పనికొస్తుంది. తేడా అల్లా రెండో సర్వర్ దగ్గరే. స్క్రీన్ మీద కోర్టు బొమ్మ, నాలుగు పేర్లు, సర్వీసు చేసేవాళ్ల పక్కన పసుపు చుక్క. స్కోరు రాసే పిల్లలు చెయ్యాల్సింది ర్యాలీ ఏ వైపు గెలిచిందో నొక్కడమే.

పికిల్‌బాల్ 11కి, తేడా రెండు, సర్వీసు ఉన్నవాళ్లకే పాయింటు. అందరికీ సమ్మతమేనా?

పికిల్‌బాల్ బ్యాచ్ నుంచి

సమ్మతమే. లీగ్ దశలో మ్యాచ్‌కు ఒకే గేమ్ పెట్టండి, లేకపోతే భోజనాల టైముకు తెమలం.

క్యారమ్స్ చూసే బాబాయి గారు

ఆటల పేర్లలో మాదీ ఉంది గానీ నిజం చెప్పాలంటే మాకు స్కోరు యాప్ అక్కర్లేదు. బోర్డు అయ్యాక అవతలివాడి కాయిన్లు ఎన్ని మిగిలితే అన్ని పాయింట్లు, గెలిచినవాడే రెడ్ వేసి కవర్ చేసుకుని ఉంటే ఇంకో మూడు. 25 ముందొస్తే గెలుపు, లేదా ఎనిమిది బోర్డులయ్యాక ఎవరిది ఎక్కువైతే వాళ్లది. బోర్డుకు ఒక్కసారి రాస్తాం. మా తగువులన్నీ ఫౌల్ దగ్గరా, డ్యూ కాయిన్ (తప్పు చేసినందుకు తిరిగి బోర్డు మీద పెట్టాల్సిన కాయిన్) దగ్గరా, మోచెయ్యి దగ్గరా. అవి నీ ఫోనుకు కనబడవు నాయనా.

మాకు కావలసింది తర్వాతి ఆట ఎవరిది, ఏ బోర్డు మీద, ఎన్నింటికి అన్న సమాచారం. పోయినసారి డ్రా షీటు గోడకు అంటించారు, మధ్యాహ్నానికి ఎవరో చింపుకుపోయారు. అలాగే బోర్డుల మీద వెలుతురు పడేలా చూడండి, ఇంత మంచి పౌడరు తెప్పించండి.

యాప్ పని చూసే వాలంటీర్

బాబాయి గారూ, అలాగే. ఫలితం మాత్రం ఎక్కించుకునే పేజీ పెడతాను. గెలిచిన పేరు నొక్కితే తర్వాతి రౌండు డ్రాలో కనబడుతుంది. చెస్‌కూ అదే. పౌడరు సంగతి కొనుగోళ్లు చూసేవాళ్లకు చెప్పాను.

వాలంటీర్లను చూసుకునే అక్క

స్కోరు టేబుల్ దగ్గర కూర్చునేది హైస్కూల్ పిల్లలే, వాళ్లకు స్కూల్లో చూపించుకోవడానికి వాలంటీర్ గంటలు కావాలి. బటన్లు ఇంగ్లీషులో ఉంటే వాళ్లకు సులువు, చూసే పెద్దవాళ్ల స్క్రీన్ తెలుగులో ఉంటే బాగుంటుంది. స్కూల్ జిమ్ లోపల సిగ్నల్ అందదు, ఆ సంగతి చూడండి. మేరీమూర్ పార్కులో క్రికెట్ మ్యాచ్‌లకు ఎండలో ఫోను స్క్రీన్ కనబడలేదని కూడా పోయినసారి అన్నారు. పద్దెనిమిది నిండని పిల్లల పూర్తి పేర్లు అందరూ స్కోరు చూసే లింకులో పెట్టొద్దు, తల్లిదండ్రులు గట్టిగా అడుగుతున్నారు.

యాప్ పని చూసే వాలంటీర్

రెండు భాషలూ పెడతాను. సిగ్నల్ లేకపోయినా స్కోరు ఫోనులోనే ఉండి, బయటికి రాగానే ఎక్కేస్తుంది. ఎండకు తెల్ల స్క్రీన్ మీద పెద్ద నల్లంకెలు. పిల్లలకు జట్టు పేరు, జెర్సీ నంబరు మాత్రమే.

మరి ఇలా చేద్దాం. ముందు త్రోబాల్, దాంతోపాటే బ్యాడ్మింటన్ సింగిల్స్, టేబుల్ టెన్నిస్. జూన్‌లో పికిల్‌బాల్, బ్యాడ్మింటన్ డబుల్స్. క్యారమ్స్, చెస్‌లకు ఫలితాల పేజీ. కబడ్డీకి టైమర్. ఖోఖో ఈసారి పిల్లల సరదా ఆటే కాబట్టి స్టాప్‌వాచ్ చాలు.

త్రోబాల్ ప్రాక్టీసు రోజున అసలు మ్యాచ్ లాగే స్కోరు పెట్టి చూడాలి. టేబుల్ దగ్గర కాగితం కూడా నడవాలి, రెండూ కలుస్తున్నాయో లేదో చూడ్డానికి. ఎవరి దగ్గరైనా వాడని ట్యాబ్లెట్లుంటే చెప్పండి.

త్రోబాల్ చూసుకునే అక్క

మా పిల్లలవి రెండున్నాయి, ఛార్జరు మాత్రం ఒకటే. గురువారం ఆరున్నరకు రండి. కాగితం రాయడానికి నేనే కూర్చుంటా.