మెషిన్ కొంటే పెట్టుబడి, మనుషులకి నేర్పిస్తే ఖర్చా?

కూకట్‌పల్లి_కోడర్

అందరికీ నమస్తే. మాది కూకట్‌పల్లిలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, రైస్ మిల్లులకీ కోల్డ్ స్టోరేజీలకీ స్టాకు, బిల్లింగ్ చూసుకునే ప్రోగ్రామ్ తయారుచేసి అమ్ముతాం. వర్కింగ్ క్యాపిటల్ కోసం ఒక బ్యాంకుకి వెళ్తే మేనేజర్ గారు బ్యాలెన్స్ షీట్ అటూ ఇటూ తిరగేసి "ఇందులో ఆస్తులేవండీ?" అన్నారు. నిజమే, ల్యాప్‌టాప్‌లు, ఏసీలు, కుర్చీలు తప్ప అందులో ఏం లేవు. ఏళ్ళ తరబడి రాసిన కోడు, ధాన్యం తేమకి ఎంత తరుగు తీస్తారో, ఊకా నూకా ఎవరి ఖాతాలో వేస్తారో మిల్లుల చుట్టూ తిరిగి నేర్చుకున్న సంగతులు, కొత్తగా చేరిన పిల్లలకి ఇచ్చిన ట్రైనింగ్, ఇవన్నీ జీతాల కింద రాసేశాం, అంటే మాయమైపోయినట్టే. మా బిల్డింగ్‌లోనే కింద ప్యాకింగ్ మెషిన్ కొన్నాయనకి ఆ మెషినే హామీగా లోన్ ఇచ్చారు.

మరోపక్క పేపర్లు చూస్తే అభివృద్ధి చెందిన దేశాలన్నీ ఇంటాంజిబుల్ పెట్టుబడి మీదే, అంటే సాఫ్ట్‌వేర్, పరిశోధన, డిజైన్, బ్రాండ్, ట్రైనింగ్ లాంటి కంటికి కనిపించని వాటి మీదే నడుస్తున్నాయని రాస్తారు. నా డౌట్ ఏంటంటే, ఇవి జీడీపీలో లెక్కకి వస్తాయా? వీటి వల్ల దేశం నిజంగా ఎదుగుతుందా, లేక ఇది కన్సల్టెంట్లు స్లైడ్లలో చెప్పే కబురేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

తెనాలి_ఆడిటర్

కంపెనీ లెక్క వేరు, దేశం లెక్క వేరు, ముందు ఆ రెంటినీ విడదీయండి.

కంపెనీ లెక్కల్లో సొంతంగా పెంచుకున్న బ్రాండుని ఆస్తిగా చూపించడానికి అకౌంటింగ్ స్టాండర్డ్స్ అసలు ఒప్పుకోవు. పరిశోధన దశలో పెట్టిందంతా ఖర్చే. డెవలప్‌మెంట్ దశలో పెట్టింది మాత్రం ఆస్తిగా రాయొచ్చు, కాకపోతే అది పూర్తవుతుందని, దాని మీద డబ్బు వస్తుందని, ఎంత ఖర్చయిందో విడిగా తీసి చూపించగలమని ఆధారాలుండాలి. చిన్న కంపెనీల్లో ఎవరు ఏ పని మీద ఎన్ని గంటలు కూర్చున్నారో టైమ్ షీట్లే ఉండవు, దాంతో మా ఆడిటర్లం కూడా "జీతాల్లో వేసేయండి, గొడవ వదిలిపోతుంది" అంటాం. అలా వేస్తే ఆ ఏడాదే పన్ను కూడా తగ్గుతుంది మరి, క్లయింటూ ఖుషీ.

ఇక దేశం లెక్క. ప్రపంచ దేశాలన్నీ జీడీపీ కట్టడానికి ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో తయారైన ఒక నిబంధనావళిని అనుసరిస్తాయి. 1993 ఎడిషన్‌లో సాఫ్ట్‌వేర్‌ని పెట్టుబడిగా ఒప్పుకున్నారు, 2008 ఎడిషన్‌లో ఆర్ అండ్ డీని, అంటే పరిశోధన, అభివృద్ధి మీద పెట్టే డబ్బుని చేర్చారు. అమెరికా 2013లో దీన్ని అమలుచేసి, సినిమాలూ టీవీ కార్యక్రమాల లాంటి వాటినీ కలిపి పాత లెక్కలు సవరిస్తే 2012 జీడీపీ దాదాపు 3.6 శాతం పెరిగింది, అందులో ఎక్కువ వాటా ఆర్ అండ్ డీదే. ఒక్క ఫ్యాక్టరీ కొత్తగా లేవలేదు, నిన్నటిదాకా ఖర్చు అన్నదాన్ని పెట్టుబడి అన్నారంతే. మన దగ్గర 2015 జనవరిలో 2011-12 బేస్ ఇయర్‌తో కొత్త సిరీస్ వచ్చినప్పుడు స్థిర పెట్టుబడిలో మేధో సంపత్తి ఉత్పత్తులని (సాఫ్ట్‌వేర్, ఆర్ అండ్ డీ లాంటివి) ఒక పద్దు పెట్టారు. అంటే మీ కోడు దేశం లెక్కలో ఉండొచ్చు, మీ బ్యాంకు మేనేజర్ లెక్కలో లేదు.

కానీ ట్రైనింగ్, బ్రాండు, పనిచేసే పద్ధతి మార్చుకోడానికి పెట్టిన డబ్బు, ఇవి దేశం లెక్కలో కూడా ఇప్పటికీ పెట్టుబడి కావు. కొరాడో, హల్టెన్, సిచెల్ అని ముగ్గురు ఆర్థికవేత్తలు 2000ల్లో ఇవన్నీ కలిపి లెక్కేస్తే అమెరికా వ్యాపార సంస్థలు కనిపించని వాటి మీద పెట్టేది, బిల్డింగులూ మెషిన్ల మీద పెట్టే దానికి ఇంచుమించు సమానంగా తేలింది. వాళ్ళు చూపించిన ఇంకో సంగతి, ఇవి కలిపితే కార్మికుడి ఉత్పాదకత పెరుగుదలలో పెట్టుబడి వాటా బాగా పెరుగుతుంది, "ఎందుకు పెరిగిందో తెలీదు" అని పక్కన పెట్టే భాగం తగ్గుతుంది. కాబట్టి కన్సల్టెంట్ల కబురని కొట్టిపారేయలేం.

జీడిమెట్ల_రిటైర్డ్

ఆడిటర్ గారూ, బాగా చెప్పారు. మీరు కాగితాల వైపు నుంచి చెప్పారు, నేను మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ వైపు నుంచి చెప్తా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

హైదరాబాద్‌లో ఇన్ని మందుల కంపెనీలు ఎందుకున్నాయని ఎవర్ని అడిగినా భూములు చవక, నీళ్ళు, ప్రభుత్వ ప్రోత్సాహం అంటారు. అసలు మూలం బాలానగర్ ఐడీపీఎల్ (ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్). 1961లో పెట్టిన ప్రభుత్వ సంస్థ, సోవియట్ సాయంతో హైదరాబాద్‌లో సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు కట్టారు. వందల మంది కెమిస్టులూ ఇంజనీర్లూ అక్కడ పని నేర్చుకున్నారు. అంజిరెడ్డి గారు 1969 నుంచి 1975 దాకా అక్కడే పనిచేశారు, బయటికొచ్చి యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్, ఆ తర్వాత 1984లో డాక్టర్ రెడ్డీస్. ఆయనలాగే బయటికొచ్చి చిన్నా పెద్దా యూనిట్లు పెట్టినవాళ్ళు, వాటిలో మేనేజర్లుగా చేరినవాళ్ళు ఎంతమందో. నేను జీడిమెట్లలో చేరిన యూనిట్‌లో మా ప్రొడక్షన్ బాస్ కూడా ఐడీపీఎల్ మనిషే.

ఆయన దగ్గర నేర్చుకున్న ఒక్క విషయం చెప్తా. ఆఖరి దశలో ద్రావణాన్ని చల్లార్చి క్రిస్టల్స్ తీయాలి. బ్యాచ్ షీట్‌లో "చల్లార్చవలెను" అని ఒక ముక్కే ఉంటుంది. కుర్రాళ్ళం తొందరపడి రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లోకి బ్రైన్ (చల్లటి ఉప్పునీరు) ఫుల్‌గా వదిలేస్తే సరుకు మెత్తటి బురదలా దిగేది, సరుకుని వడకట్టే సెంట్రిఫ్యూజ్ గుడ్డ మూసుకుపోయేది, షిఫ్టంతా దాన్ని గోక్కుంటూ కూర్చునేవాళ్ళం, పైగా మలినాలు కూడా సరుకులోనే చిక్కుకుని టెస్టులో ఫెయిల్. ఆయనొచ్చి సైట్ గ్లాస్‌లోంచి చూస్తూ, ద్రావణం కొద్దిగా మసకబారే ముందు పాత బ్యాచ్ క్రిస్టల్స్ గుప్పెడు వేయించి, గంటకి ఇన్ని డిగ్రీలే అని నెమ్మదిగా దింపించేవారు. పంచదార పలుకుల్లా దిగేది. అదే రియాక్టర్, అదే ముడిసరుకు, అదే కరెంటు. అమ్ముకోగలిగిన సరుకుకీ పారబోయాల్సిన సరుకుకీ తేడా ఆయన బుర్రలో ఉంది. ఆ బుర్ర తయారు కావడానికి జీతం ఇచ్చింది ఐడీపీఎల్, లాభపడింది మా ఓనరు.

ఇప్పుడు ఐడీపీఎల్ ఖాతా తీసి చూడండి, అంతా నష్టమే. 1992లో ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు, తర్వాత ఉత్పత్తే ఆగిపోయింది. కంపెనీగా చూస్తే ఫెయిల్, దేశంగా చూస్తే ప్రభుత్వం పెట్టిన మంచి పెట్టుబడుల్లో అదొకటని నా అభిప్రాయం. 1970 పేటెంట్ చట్టం మందుల విషయంలో తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చింది, మందుకి ఇవ్వలేదు. దాంతో వేరే దారిలో అదే మందు చేయడం నేరం కాకుండా పోయింది, 2005 దాకా అలాగే నడిచింది. ఒకపక్క చట్టం దారి తెరిచింది, ఇంకోపక్క ఆ దారిలో నడవగలిగే మనుషుల్ని ఐడీపీఎల్, రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీ (ఇప్పటి ఐఐసీటీ) లాంటివి తయారుచేశాయి. రెంట్లో ఏది లేకపోయినా ఇవాళ జీడిమెట్ల, పాశమైలారం ఇలా ఉండేవి కావు.

నమ్మను_బాబోయ్

పెద్దాయన అనుభవం మీద గౌరవం ఉంది గానీ, కనిపించనిదాన్నల్లా పెట్టుబడి అనేస్తే ఎలా ఉంటుందో కూడా చూడండి.

2016 జులైలో ఐర్లండ్ తన 2015 వృద్ధి రేటు 26.3 శాతం అని ప్రకటించింది. ఒక్క ఏడాదిలో! అక్కడ జనం ఆదాయం అలా ఎగిరిందా? లేదు. బహుళజాతి కంపెనీలు పన్ను తక్కువని తమ పేటెంట్లూ హక్కుల్లాంటి ఆస్తుల్ని కాగితాల మీద ఐర్లండ్‌కి మార్చుకున్నాయి, వాటి మీద వచ్చే ఆదాయమంతా ఆ దేశం ఖాతాలో పడింది. చివరికి వాళ్ళ గణాంక శాఖే ఈ జీడీపీతో లాభం లేదని, అసలు దేశం పరిస్థితి తెలియడానికి ఇంకో కొలమానం తయారుచేసుకుంది. ఫ్యాక్టరీని రాత్రికి రాత్రి ఇంకో దేశానికి మార్చగలరా?

మన దగ్గర కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ సంగతి గుర్తుందిగా. బ్రాండు విలువ నాలుగు వేల కోట్ల పైమాటే అని లెక్కకట్టి తాకట్టు పెట్టారు, బ్యాంకులూ ఒప్పుకున్నాయి. 2016 ఏప్రిల్‌లో ఆ ట్రేడ్‌మార్కుల్ని 366.70 కోట్ల రిజర్వ్ ధరకి వేలం వేస్తే ఒక్కడూ రాలేదు. ఆ దెబ్బ తిన్న బ్యాంకు వాళ్ళు కూకట్‌పల్లి బ్రోని "ఆస్తులేవి" అని అడిగితే తప్పేముంది?

పరిశోధన కూడా అంతే. మీరన్న డాక్టర్ రెడ్డీస్ సొంతంగా కనిపెట్టిన డయాబెటిస్ మందులు డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కి లైసెన్స్ ఇస్తే అప్పట్లో ఎంత సంబరం. వాటిలో రాగాగ్లిటాజార్ పరీక్షలు జంతువుల్లో కణుతులు కనిపించడంతో 2002లో ఆపేశారు. పాత లారీ అయితే తుక్కు కిందైనా పోతుంది, ఆగిపోయిన మాలిక్యూల్‌ని ఎవడు కొంటాడు?

జీడిమెట్ల_రిటైర్డ్

బాబూ, ఐర్లండ్‌లో దిగింది కాగితం. బాలానగర్‌లో దిగింది మనుషులు, ఇక్కడే ఉండిపోయారు, ఇక్కడివాళ్ళకే నేర్పారు. ఈ రెండూ ఒక గాటన కట్టకండి. మాలిక్యూల్ సంగతి మాత్రం మీరన్నది నిజం, డబ్బు పోతుంది. కాకపోతే ఆ ప్రయత్నంలో పనిచేసిన కెమిస్టులూ ఫార్మకాలజిస్టులూ వేరే చోట్లకి వెళ్ళి ఏం చేశారో అదే కంపెనీ ఖాతాలో వెతికితే దొరకదు.

హెచ్ఆర్_పిల్ల

పెద్దాయన చెప్పిన కథలోనే అసలు చిక్కుంది, ఎవరూ మాట్లాడట్లేదు. ఐడీపీఎల్ నేర్పించింది, వేరేవాళ్ళు బాగుపడ్డారు. ప్రభుత్వ సంస్థ కాబట్టి సరిపోయింది. ప్రైవేటు కంపెనీ ఎందుకు నేర్పిస్తుంది? నేను ట్రైనింగ్ బడ్జెట్లు చూస్తుంటా. ఏ ఏడాది ఆర్డర్లు తగ్గినా మొదట కోత పడేది దానికే, ఎందుకంటే మేనేజ్‌మెంట్ అడిగే మొదటి ప్రశ్న "నేర్చుకుని పక్క కంపెనీకి పోతే?" అని. అందుకే బాండ్లు రాయించుకోవడం, సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం లాంటి చెత్త పనులు. కాలేజీలు నేర్పట్లేదని కంపెనీలంటాయి, కంపెనీల అవసరం మాకెలా తెలుస్తుందని కాలేజీలంటాయి, మధ్యలో అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకి ఫీజు కట్టేది పిల్లల తల్లిదండ్రులు. అది కూడా పెట్టుబడే, ఏ లెక్కలోనూ పెట్టుబడి పద్దులో కనిపించదు.

తెనాలి_ఆడిటర్

హెచ్ఆర్ మేడమ్ సరిగ్గా పట్టుకున్నారు. ఫలితం పక్కవాళ్ళకి కూడా పోతుంది కాబట్టి ఏ కంపెనీ అయినా దేశానికి కావాల్సినదాని కంటే తక్కువే పెడుతుంది, ఆ లోటు పూడ్చడానికే ప్రభుత్వం దిగాలి. మన దగ్గర ఆర్ అండ్ డీ మొత్తం ఖర్చు 2020-21లో జీడీపీలో 0.64 శాతం, అందులో ప్రైవేటు వాటా సగం కూడా లేదు. దక్షిణ కొరియాలో అది 5 శాతం దరిదాపుల్లో ఉంది, నాలుగింట మూడొంతులకు పైగా కంపెనీలే పెడతాయి. మనం పన్నులో చేసింది చూడండి: కంపెనీలు సొంత ఆర్ అండ్ డీ మీద పెట్టే ప్రతి రూపాయికీ రెండు రూపాయల మినహాయింపు ఉండేది, 2017 ఏప్రిల్ నుంచి రూపాయిన్నర చేశారు, 2020 నుంచి రూపాయికి రూపాయే. దాన్ని దుర్వినియోగం చేసిన క్లయింట్లని నేనూ చూశా, మామూలు క్వాలిటీ టెస్టింగ్‌ని ఆర్ అండ్ డీ అని రాసేవాళ్ళు, అయినా ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? ఇప్పుడు 2025 జులైలో పరిశోధన కోసం లక్ష కోట్ల నిధికి కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది, తక్కువ వడ్డీకో వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక అప్పులు. అది కూకట్‌పల్లి దాకా దిగుతుందో లేదో చూడాలి.

నమ్మను_బాబోయ్

ఎలుకలు కాదు సార్, పందికొక్కులు. సరే, మనుషుల మీద పెట్టేదానికి నేను వ్యతిరేకం కాదు. బ్రాండ్ వాల్యుయేషన్లు మాత్రం నమ్మను.

కూకట్‌పల్లి_కోడర్

అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందని అనుకోలేదు. ఆడిటర్ గారూ, దేశం సంగతి అర్థమైంది, నా సంగతి చెప్పండి. ఇల్లు నాన్నగారి పేరు మీద ఉంది, తాకట్టు పెట్టడం నాకు ఇష్టం లేదు. వేరే దారి ఉందా?

తెనాలి_ఆడిటర్

ఇల్లు జోలికి వెళ్ళకండి. సీజీటీఎంఎస్‌ఈ అని కేంద్రమూ, చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ కలిసి 2000లో పెట్టిన ట్రస్టుంది, తాకట్టు లేకుండా బ్యాంకు మీకు అప్పిస్తే దానికి అది గ్యారంటీ ఉంటుంది. పరిమితి 2023లో 5 కోట్లు చేశారు, 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లు. ఫీజు ఉంటుంది, మామూలుగా అది మీ మీదే పడుతుంది. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) లేకపోతే ముందు అది చేయించండి. బ్యాంకుకి వెళ్ళినప్పుడు కోడు గొప్పతనం చెప్పకండి, వాళ్ళకి అక్కర్లేదు. మిల్లులతో మీకున్న ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టులు, ఎంతమంది రెన్యూ చేశారు, జీఎస్టీ రిటర్నులు, ఖాతాలో నెలనెలా పడిన డబ్బు, ఇవి వరసగా పెట్టండి. ఈ ఏప్రిల్ నుంచి టైమ్ షీట్లు కూడా మొదలుపెట్టించండి, కొత్త వెర్షన్ మీద ఎవరు ఎన్ని గంటలు పెట్టారో రోజూ రాయించండి. వచ్చే ఏడాది బ్యాలెన్స్ షీట్‌లో కొంతైనా ఆస్తిగా చూపిద్దాం. మేనేజర్ మళ్ళీ కాదంటే కాగితం మీద కారణం రాసి ఇమ్మనండి, నోటిమాటగా ఒప్పుకోకండి.