సూపర్‌హీరో టేబుల్‌టాప్ ఆటలో జంతురూప మానవ జాతులు: నియమాలను ఎలా కట్టాలి?

ఉద్దానం జీడితోట (పలాస):

అందరికీ నమస్కారం. బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి ఆడే మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ అనే సూపర్‌హీరో ఆట మూడవ ఎడిషన్ నియమాలతో మా మిత్రబృందం ఒక కొత్త కథ మొదలుపెట్టబోతోంది. గేమ్ మాస్టర్ బాధ్యత, అంటే కథను నడిపించే పని, నాది. కథ మన శ్రీకాకుళం జిల్లాలోనే నడుస్తుంది. ఉద్దానం జీడితోటల్లో ఎలుగు మనుషులు, తేలినీలాపురం చెరువుల చుట్టూ కొంగ మనుషులు, భావనపాడు వైపు తీరంలో తాబేటి మనుషులు కొన్ని తరాలుగా మామూలు జనంతో కలిసి బతుకుతున్నారని నా ఊహ. వీరిలో కొందరికి మాత్రమే సూపర్‌హీరో శక్తులు ఉంటాయి.

ఇంతకు ముందు మేము ఆడిన ఫాంటసీ ఆటల్లో జాతిని ఎంచుకోగానే దానితోపాటు కొన్ని లాభాలు ఉచితంగా వచ్చేవి. ఈ ఆటలో జాతి అన్న విభాగమే లేదు, ప్రతిదీ పాయింట్లు పెట్టి కొనుక్కోవాలి. అలాంటప్పుడు ఒక్కో జాతికి ఒక స్థిరమైన లక్షణాల మూట తయారు చేసి అందరూ దాన్నే కొనాలని నియమం పెట్టాలా, లేక ఎవరికి తోచినట్టు వారు కొనుక్కుంటే సరిపోతుందా? మూట పెట్టేటట్టయితే మూడు జాతుల ఖర్చూ సమానంగా ఉండాలా? ఇద్దరు ఆటగాళ్ళు ఎలుగు మనుషులనే ఎంచుకున్నారు కనుక ఆ రెండు పాత్రలూ ఒకే మూసలో పోసినట్టు తయారవుతాయేమోనన్నది నా మరో సందేహం.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

మీ రెండవ ప్రశ్నకు జవాబు సులువు కనుక ముందు అది చెబుతాను. ఖర్చు సమానంగా ఉండనక్కరలేదు. పవర్ లెవెల్ (పాత్రల శక్తికి పెట్టే మొత్తం స్థాయి) 10లో ప్రతి పాత్రకూ 150 పాయింట్లు వస్తాయి. జాతి మూట కూడా ఆ 150లోంచే కొనాలి కనుక, మూటకు తక్కువ పెట్టినవాడి చేతిలో మిగతా శక్తులకు ఎక్కువ మిగులుతుంది. ఫాంటసీ ఆటల్లో జాతి ఉచితంగా దొరుకుతుంది కాబట్టే అక్కడ జాతుల మధ్య సమతూకం గురించి అంత చర్చ జరుగుతుంది. ఇక్కడ ఆ సమస్య పుట్టదు.

మూట పెట్టడమే మంచిదని నా అభిప్రాయం, అయితే అది చిన్నదిగా ఉండాలి. ఎలుగు మనిషికి బలం 4 (8 పాయింట్లు), దేహదారుఢ్యం 3 (6 పాయింట్లు), బలానికి తోడయ్యే గోళ్ళ దెబ్బ 2 ర్యాంకులు, అంటే స్థాయిలు (2 పాయింట్లు), తీక్షణమైన వాసనజ్ఞానం, వాసన పట్టి జాడ తీయడం (2 పాయింట్లు), చెట్లెక్కడానికి అథ్లెటిక్స్‌లో 4 ర్యాంకులు (2 పాయింట్లు) ఇస్తే మొత్తం 20 అవుతుంది. సున్నా బలానికి 50 పౌండ్లు, ఆపైన ప్రతి ర్యాంకుకూ రెట్టింపు అన్న లెక్క ప్రకారం బలం 4 ఉన్నవాడు 800 పౌండ్లు, అంటే సుమారు 360 కిలోలు ఎత్తగలడు. ఊళ్ళో సాధారణ ఎలుగు మనిషికి అది చాలు. మిగిలిన 130 పాయింట్లలోనే మీ ఇద్దరు ఆటగాళ్ళూ ఒకరికొకరు వేరుపడతారు: ఒకడు పిడుగులు కురిపించవచ్చు, మరొకడు మనసులు చదవవచ్చు.

కొంగ మనిషికి అంత కూడా పట్టదు. ఎగరడం ర్యాంకుకు 2 పాయింట్లు, అది రెక్కల మీదే ఆధారపడుతుందన్న పరిమితి పెడితే ర్యాంకుకు 1 పాయింటే. ఆ రెక్కలను వలతోనో తాడుతోనో కట్టేస్తే అతడు ఎగరలేడు, ఆ పరిమితికి అర్థం అదే. నాలుగు ర్యాంకులు 4 పాయింట్లకే వస్తాయి, వేగం గంటకు 30 మైళ్ళు, అంటే దాదాపు 48 కిలోమీటర్లు.

తాబేటి మనుషుల విషయంలో మాత్రం అది ఏ తాబేలో ముందే తేల్చుకోండి. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ సముద్రపు తాబేలు తలను గాని కాళ్ళను గాని డిప్పలోకి లాక్కోలేదు. శ్రీకూర్మం గుడిలో చూసే నక్షత్ర తాబేలు లాక్కోగలదు. మొదటిదానికి ఈత, ఓ మోస్తరు రక్షణ చాలు, రెండూ ర్యాంకుకు 1 పాయింటే. రెండవదానికి ఈత అక్కరలేదు, రక్షణను గట్టిగా పెంచాలి. అయితే టఫ్‌నెస్ (దెబ్బను తట్టుకునే శక్తి), డాడ్జ్ (దెబ్బను తప్పించుకునే నేర్పు) రెండూ కలిపి పవర్ లెవెల్‌కు రెట్టింపు దాటకూడదన్న హద్దు ఉంది, అంటే లెవెల్ 10లో 20. డిప్ప గట్టిపడే కొద్దీ తప్పించుకునే నేర్పు తగ్గాలి కనుక తాబేటికి ఆ నియమం అచ్చంగా సరిపోయింది.

కోట జంక్షన్ (విజయనగరం):

పై మిత్రుని లెక్కలతో నాకు పేచీ లేదు గాని, మూట అన్న ఆలోచనతోనే ఉంది. జాతిలో అందరూ ఒకే మోతాదులో జంతువుల్లా ఉండాలని ఎందుకు అనుకోవాలి?

1985లో పల్లాడియం సంస్థ ప్రచురించిన నింజా తాబేళ్ళ ఆటలో దాని రూపకర్త ఎరిక్ వుజిక్ దీన్ని తిరగేసి ఆలోచించారు. అక్కడ పాత్ర జంతువుగా మొదలవుతుంది. ఆటగాడు తన దగ్గరున్న బయో-ఇ అనే పాయింట్లను ఖర్చుపెట్టి చేతులు, రెండు కాళ్ళ మీద నిలబడటం, మాట, మనిషి పోలిక అనే నాలుగింటినీ కొనుక్కోవాలి, వాటిలో ప్రతిదీ లేకపోవడం, కొంత ఉండటం, పూర్తిగా ఉండటం అని మూడు మెట్లుగా ఉంటుంది. అందువల్ల ఒకే జంతువు నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకడు చక్కగా మాట్లాడుతూ చేతులు సరిగా లేనివాడు కావచ్చు, మరొకడు మనిషిలా కనబడుతూ మాట తడబడేవాడు కావచ్చు. నలభై ఏళ్ళు గడిచినా జంతురూప పాత్రలకు ఇంతకంటే ఆసక్తికరమైన పద్ధతి నాకు కనబడలేదు. ఆ ఆటలోని పోరాట నియమాలు మాత్రం చాలా గజిబిజి, వాటి జోలికి పోకండి.

ఈ నాలుగు అంశాల ఆలోచనను మీ ఆటలోకి తెచ్చుకోవచ్చు. మీ ఇద్దరు ఎలుగు మనుషులూ పాయింట్ల పట్టికలో ఒకేలా ఉన్నా, చేతులు, మాట, పోలిక విషయంలో వేరువేరు మెట్ల మీద నిలబడితే ఇక ఒకే మూసలో పోసినట్టు ఉండరు.

ఉద్దానం జీడితోట (పలాస):

ఇద్దరికీ ధన్యవాదాలు. చిన్న మూట, దాని మీద ఆ నాలుగు అంశాలు అన్నది నాకు నచ్చింది. అయితే ఎలుగు పాత్ర తీసుకున్న ఒక మిత్రుడు, చేతులు సరిగా లేకపోవడం, చూపు మందగించడం వంటి లోపాలు పెడితే తనకు నష్టమే తప్ప లాభం లేదంటున్నాడు. ఆ లోపాలకు బదులుగా అదనపు పాయింట్లు ఇమ్మంటున్నాడు. ఇవ్వవచ్చునా?

తేలినీలాపురం నీడ (టెక్కలి):

ఇవ్వకండి. 1981లో వచ్చిన ఛాంపియన్స్ అనే సూపర్‌హీరో ఆట ఆ దారి పట్టింది: లోపం రాసుకుంటే పాయింట్లు ముందే చేతికి వస్తాయి. దాచలేని ఆకారం కూడా అందులో ఒక లోపంగానే లెక్కకు వచ్చేది. దానివల్ల ఆటగాళ్ళు ఆటలో ఎన్నడూ ఎదురుపడని లోపాలను ఏరుకుని రాసుకోవడం మొదలవుతుంది. మీ ఆటలో లోపాన్ని కాంప్లికేషన్ అంటారు, దానికి ముందుగా పాయింట్లు ఉండవు. అది కథలో నిజంగా అడ్డుపడినప్పుడు ఆటగాడికి ఒక హీరో పాయింటు దక్కుతుంది. దానితో ఇరవై ముఖాల పాచికను మళ్ళీ వేయవచ్చు, రెండవసారి పది గాని అంతకు తక్కువ గాని పడితే దానికి పది కలుపుకోవచ్చు. కాబట్టి ఎలుగు చూపు మందగించడం మీ మిత్రునికి నష్టం కాదు, అది ఎంత తరచుగా అడ్డుపడితే అన్ని హీరో పాయింట్లు వస్తాయి.

ఆ లోపాలు నిజమైన జంతువు నుంచి వస్తే ఇంకా బాగుంటుంది. మన ఎలుగుకు చూపు, వినికిడి రెండూ అంతంతమాత్రం, వాసన మాత్రం చాలా చురుకు. పై దవడలో ముందు రెండు పళ్ళు ఉండవు, ఆ సందులోంచే చెదపురుగులను పీల్చుకుంటుంది. మనిషి దగ్గరికి వచ్చేదాకా గమనించక ఉలిక్కిపడి మీద పడటం వల్లే దాని దాడులు చాలా వరకు జరుగుతాయి. ఉలిక్కిపడితే చేయి ముందు లేస్తుందన్న కాంప్లికేషన్ ఒక్కటి చాలు, రద్దీగా ఉన్న బజారులో ఆ హీరో నడిచే ప్రతి దృశ్యంలోనూ ఉత్కంఠ పుడుతుంది. కొంగలకు వస్తే, మా ఊరికి వచ్చే ఎర్రకాళ్ళ కొంగలు పెద్దయ్యాక గొంతుతో దాదాపు పలకవు, ముక్కు టకటకలాడిస్తాయి. మాట అన్న అంశంలో సున్నా తీసుకున్న కొంగ హీరో ముక్కు చప్పుళ్ళతోనే సంకేతాలు పంపితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

మరొక విషయం మీరు అడగకపోయినా చెప్పాలి. ఉద్దానంలో ఎలుగు దాడిలో గాయపడినవారు, ఇంటి మనిషిని పోగొట్టుకున్నవారు ఉన్నారు, మీ బల్ల దగ్గర కూర్చునేవారి బంధువుల్లోనే ఉండవచ్చు. ఎలుగు మనిషిని విలన్‌గా గాని, నవ్వుల పాత్రగా గాని వాడే ముందు అందరినీ అడగండి. అలాగే ఈ జాతులకు కొండల మీది బతుకు, విల్లంబులు, పూసల దండలు తగిలించకండి. మన జిల్లాల్లో అలా రాస్తే చదివేవారికి వెంటనే సవర గిరిజనులో, జాతాపు గిరిజనులో గుర్తుకు వస్తారు. మనుషులను జంతువులతో పోల్చినట్టవుతుంది, మీ ఉద్దేశం అది కాకపోయినా సరే. మీ ఎలుగు మనుషులు జీడిపప్పు కార్ఖానాల్లో పనిచేయనివ్వండి, పలాస స్టేషనులో టికెట్టు కోసం వరుసలో నిలబడనివ్వండి.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

టెక్కలి మిత్రుని చివరి మాటకు నా పూర్తి సమ్మతి. సమాజం చూపే తేడాయే మీ కథకు ప్రధానమైతే 2016 నాటి మాస్క్స్ అనే ఆటను ఒకసారి చూడండి. అందులో ట్రాన్స్‌ఫార్మ్డ్ అనే పాత్ర మూస ఉంది, రూపం మారిపోయి పదిమందిలో దాక్కోలేని కుర్రవాడి కథ అది. ఆ ఆటలో బలం, చురుకుదనం వంటి కొలతలు లేవు. ఫ్రీక్, డేంజర్, సేవియర్, సుపీరియర్, మండేన్ అనే ఐదు లేబుళ్ళు ఉంటాయి, పాత్ర మీద పట్టు ఉన్న పెద్దలు అన్న మాటలను బట్టి అవి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. మీరు నియమాలు మార్చుకోనక్కరలేదు. మీ కథలో ప్రతి ఎలుగు హీరోకీ ఊళ్ళో ఇద్దరు పెద్దలను రాసుకోండి, ఒకరు అతణ్ణి కాపలాదారుగా చూసేవారు, మరొకరు తోటలోకి రానివ్వనివారు. తోటలోకి రావద్దని ఆ రెండవవారు అడ్డు నిలిచినప్పుడల్లా హీరో పాయింటు ఇవ్వండి. మొదటి కథకు పవర్ లెవెల్ 8, 120 పాయింట్లు పెట్టుకోండి. 20 పాయింట్ల మూట అప్పుడు ఆరో వంతు అవుతుంది కనుక జాతి లక్షణాలు శక్తుల కింద మరుగున పడిపోవు.