పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది: ఈ సామెత డ్రాఫ్ట్ కుర్రాడికి వాడొచ్చా?

పాయింట్ కుక్, మెల్‌బోర్న్ నుంచి:

గ్రూపులో అందరికీ నమస్కారం అండి, ఒక సామెత వాడకం మీద డౌటు. ఇక్కడ ఫుటీ అంటే, అదే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, ఎంత పిచ్చో తెలుసుగా, మా ఏరియా క్లబ్బులో చిన్నప్పట్నించీ ఆడిన ఒక అబ్బాయిని మొన్న నవంబర్ డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, ఒక ఏఎఫ్ఎల్ (ఫుటీలో ఇక్కడి టాప్ లీగ్) టీం తీసుకుంది. పద్దెనిమిదేళ్ళు, రెండు మీటర్ల మనిషి, రక్ అనే స్థానంలో ఆడతాడు. నేను సంతోషం పట్టలేక మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది అని ఊరికే అన్నారా" అని రాశా. ఒక పెద్దాయన వెంటనే, ఆ సామెత అక్కడ వాడకూడదు, ఆ అబ్బాయి ఇంకా సీనియర్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు కదా అన్నారు. చిన్న వయసులోనే టాలెంట్ కనిపిస్తే ఆ సామెతే కదా వాడతాం? నాదేమన్నా తప్పా? తప్పైతే అలాంటి చోట తెలుగులో ఇంకేమంటారు?

బాక్స్ హిల్, మెల్‌బోర్న్ నుంచి:

తమ్ముడూ, అర్థం ప్రకారం నువ్వు రాసింది తప్పు కాదు, కానీ వాడకం చూస్తే ఆ పెద్దాయన మాటలో పస ఉంది. ఈ సామెత మనవాళ్ళు ఎప్పుడు వాడతారో ఒకసారి గుర్తు తెచ్చుకో. ఒకాయన పెద్ద గాయకుడో సైంటిస్టో అయ్యాక, ఆయన మీద పేపర్లో వ్యాసం రాస్తూ, ఐదో ఏటే అలా పాడాడు, ఎనిమిదో ఏటే ఇలా లెక్కలు చేశాడు అని చెప్పి చివర్లో ఈ సామెత తగిలిస్తారు. అంటే ఎప్పుడూ వెనక్కి తిరిగి చూసి చెప్పే మాటే ఇది. ముందు ఏమవుతాడో తెలియని పిల్లాడి గురించి, వాడి ముందే, ఈ సామెత వేసి జోస్యం చెప్పడం పాతవాళ్ళ మాటల్లో నేనైతే పెద్దగా వినలేదు. "పుట్టగానే" అన్న మాట చూసి ఇది జోస్యం అనుకుంటాం గానీ నిజానికి అది తీర్పు, పరిమళం అందరికీ తెలిశాక చెప్పే తీర్పు. ఇంకోటి, మల్లెపూలు కోసేవాళ్ళనడుగు, పొద్దున మొగ్గగా కోసినప్పుడు దానికి వాసనే ఉండదు, సాయంత్రం విచ్చుకున్నాకే.

నేను ఇక్కడికొచ్చిన కొత్తల్నించీ మెల్‌బోర్న్ డీమన్స్ అభిమానిని కాబట్టి ఈ విషయంలో నాకు కడుపుమంట ఉంది, కాస్త పొడుగ్గా చెప్తా ఏమనుకోకండి. ఫుటీ తెలియనివాళ్ళ కోసం: టీముకి 18 మంది, కోడిగుడ్డు ఆకారం గ్రౌండు, మధ్య రెండు స్తంభాల మధ్యనుంచి తంతే 6 పాయింట్లు, పక్క స్తంభాల మధ్యకి పోతే 1. ఆట మొదలెట్టేటప్పుడూ, గోల్ పడ్డాకా, అంపైర్ బంతిని పైకి లేపితే ఎగిరి దాన్ని తనవాళ్ళకి తట్టేవాడే రక్, అందుకే అందరికన్నా పొడుగువాణ్ణి పెడతారు. ఏడాదికోసారి జరిగే డ్రాఫ్ట్‌లో క్లబ్బులన్నీ వరసగా కుర్రాళ్ళని ఎంచుకుంటాయి, కింద ఉన్న టీముకి ముందు ఛాన్సు.

2009 డ్రాఫ్ట్ తీసుకో. మా టీము అట్టడుగున ఉంది కాబట్టి మొదటి రెండు పిక్‌లూ, అంటే ఎంపికలూ, మావే. మొదటిది టామ్ స్కలీ, రెండోది జాక్ ట్రెంగోవ్. ఇద్దర్నీ చూసి మేమంతా, తెలుగు వచ్చి ఉంటే అందరూ ఈ సామెతే రాసేవాళ్ళు, అంత ఆనందపడ్డాం. స్కలీ రెండు సీజన్లు ఆడి, కొత్తగా పెట్టిన జీడబ్ల్యూఎస్ టీముకి వెళ్ళిపోయాడు. ట్రెంగోవ్‌ని 2012లో ఇరవయ్యేళ్ళకే ఇద్దరు కెప్టెన్లలో ఒకణ్ణి చేశారు, ఆ తర్వాత పాదం ఎముక దెబ్బతో ఏళ్ళ తరబడి బాధపడ్డాడు, పాపం ఎంత మంచి ఆటగాడో. అదే డ్రాఫ్ట్‌లో 34వ పిక్‌కి మావాళ్ళే ఒక పొడుగాటి రక్‌ని తీసుకున్నారు, మ్యాక్స్ గాన్. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2011లో మొదటి మ్యాచ్ ఆడాడు, 2012 సీజన్ మొత్తం మోకాలు దెబ్బతో పోయింది, దేశంలో ఆ ఏటి మేటి ఆటగాళ్ళ జట్టు ఆల్ ఆస్ట్రేలియన్‌లోకి మొదటిసారి వచ్చింది 2016లో, అంటే తీసుకున్న ఏడేళ్ళకి. 2021లో ఆయన కెప్టెన్సీలోనే మేం కప్పు గెలిచాం, 1964 తర్వాత మళ్ళీ అదే. ఆ ముగ్గుర్నీ పద్దెనిమిదేళ్ళప్పుడు వరసగా నిలబెట్టి పరిమళం ఎవరిదని అడిగితే మేం ఏం చెప్పేవాళ్ళం?

అసలు అదే డ్రాఫ్ట్‌లో మేం వదిలేసిన మూడో పిక్ రిచ్‌మండ్‌కి పోయింది, డస్టిన్ మార్టిన్. గ్రాండ్ ఫైనల్లో బెస్ట్ ప్లేయర్‌కిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ 2017, 2019, 2020, మూడుసార్లు! అంతకుముందు ఎవరికీ మూడు రాలేదు.

అందుకే నా సలహా, నువ్వు ఆ అబ్బాయికి వాడాల్సింది వేమన మాట:

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు

అందరూ దీన్ని "ఉప్పూ కర్పూరం ఒకేలా ఉంటాయి కానీ వేరు" అని చెప్పేసి వదిలేస్తారు. అసలు బలం అంతా "చూడ చూడ"లో ఉంది. ఒక్కసారి చూస్తే అని కాదు, చూస్తూ ఉండగా ఉండగా అని. "తినగ తినగ వేము తియ్యనుండు"లో ఉన్నదీ అదే, క్రియని రెండుసార్లు వేస్తే కాలం గడుస్తున్నట్టు వస్తుంది. ఇప్పుడు మనం మాట్లాడేటప్పుడు "చూడగా చూడగా" అంటాం. డ్రాఫ్ట్ కుర్రాణ్ణి అంచనా వేయడానికి తెలుగులో ఇంతకన్నా సరైన మాట నాకు కనబడలేదు.

పెర్త్ నుంచి:

అన్నగారూ, మీ బాధ అర్థమైంది కానీ ఒక టీము చేసిన పొరపాట్లు చూసి సామెతనే కొట్టేస్తే ఎలా అండి. మా వెస్ట్ కోస్ట్ ఈగల్స్ 2001లో మూడో పిక్‌కి క్రిస్ జడ్‌ని తీసుకుంది. మూడో సీజన్‌కే, 2004లో, ఆ ఏటి బెస్ట్ ప్లేయర్‌కిచ్చే బ్రౌన్‌లో మెడల్ కొట్టాడు, 2006లో కెప్టెన్‌గా కప్పు తెచ్చాడు. మరి అది పుట్టగానే పరిమళించడం కాదా? మొన్నమొన్న కాలింగ్‌వుడ్‌లో నిక్ డేకాస్, 2022లో మొదటి ఏడాదే ఆ ఏటి మేటి కుర్ర ఆటగాడికిచ్చే రైజింగ్ స్టార్ అవార్డు, రెండో ఏడాది 2023లో కప్పు. 2018 డ్రాఫ్ట్‌లో కార్ల్టన్ మొదటి పిక్ శామ్ వాల్ష్ కూడా మరుసటి ఏడాదే రైజింగ్ స్టార్. కొందరిలో కనబడిపోతుంది సార్. వాళ్ళ కోసమే పుట్టింది ఆ సామెత.

బాక్స్ హిల్ నుంచి:

కనబడిపోతుంది, కాదనను. జడ్ ఆట చూసినవాణ్ణి, బంతి చేతికొచ్చాక ఆ మొదటి నాలుగడుగుల వేగం ఇప్పటికీ కళ్ళముందుంది. కానీ ఆయన మూడో పిక్ అని మీరే రాశారు కదండీ. ముందు రెండు క్లబ్బులకీ ముక్కు లేదా? జడ్ భుజాలకి అప్పటికే ఆపరేషన్లు అయ్యాయి, ఆ భయం ఉంది. పైగా హాథార్న్ మొదట తీసుకున్న లూక్ హాడ్జ్ ఏం తక్కువవాడు కాదు, నాలుగు కప్పులు, రెండు నార్మ్ స్మిత్‌లు. అదే 2001 డ్రాఫ్ట్ కిందికి చదువుతూ వెళ్ళండి: ఎనిమిదో పిక్ జిమ్మీ బార్టెల్, 36కి శామ్ మిచెల్, తండ్రి ఆడిన క్లబ్బుకే కొడుకు వెళ్ళే రూల్ కింద 40కి గ్యారీ ఏబ్లెట్ చిన్నవాడు, 58కి డేన్ స్వాన్. వీళ్ళందరికీ తర్వాత బ్రౌన్‌లో వచ్చింది! 58వ పిక్ అంటే అంతకుముందు 57 సార్లు ఎవరో ఒకరు వేరే కుర్రాడి పేరు చదివారన్నమాట. పరిమళం ఉందండి, రోజూ వాసన చూడటమే పనిగా పెట్టుకున్నవాళ్ళకి కూడా అందలేదు, నేను చెప్పేదల్లా అదే.

పెర్త్ నుంచి:

58వ పిక్ దగ్గర నేను ఆగిపోయా, ఒప్పుకుంటున్నా. ఇక్కడ ఫ్రీమాంటిల్ వాళ్ళ నాట్ ఫైఫ్ కూడా మీరు చెప్పిన 2009 డ్రాఫ్టే, లేక్ గ్రేస్ అనే చిన్న ఊరి అబ్బాయి, 20వ పిక్, 2015లో ఒకటి 2019లో ఒకటి రెండు బ్రౌన్‌లోలు. మరైతే "మొక్కై వంగనిది మానై వంగునా" సంగతేంటి? పద్దెనిమిదేళ్ళకి రానిది ఇంక రాదనేగా అది చెప్పేది, అది కూడా తప్పేనా?

బాక్స్ హిల్ నుంచి:

అది సగం నిజం అండి, ఆ సగం చాలా ముఖ్యం కూడా. క్లబ్బులవాళ్ళు డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్ళని పిలిచి కొలతలు తీస్తారు, 20 మీటర్ల పరుగు, నిలబడి ఎగరడం, పరిగెత్తి ఎగరడం, 2 కిలోమీటర్ల పరుగు ఇలా. అవి కొలవచ్చు. కండ పెంచొచ్చు, దమ్ము పెంచొచ్చు, పెద్ద క్లబ్బులో రెండేళ్ళుంటే ఎముకలగూడులాంటి పిల్లాడు కూడా మనిషవుతాడు. కానీ తన్నే పద్ధతి, ముఖ్యంగా బంతిని చేతిలోంచి కాలిమీదకి వదిలే తీరు, చిన్నప్పుడు ఎలా అలవాటైతే అలాగే ఉండిపోతుంది. పద్దెనిమిదేళ్ళవాడికి దాన్ని మార్చాలంటే కోచ్‌కి చుక్కలు కనబడతాయి, తీరిగ్గా ఉన్నప్పుడు బాగా తంతాడు, మీదకి ముగ్గురొచ్చేసరికి పాత తన్ను బయటికొస్తుంది. రెండో కాలితో తన్నగలడా అన్నదీ అంతే. కాబట్టి మొక్కై వంగనిది అనే సామెత తన్నుకి వాడండి, ఒంటికి వాడొద్దు. నేను ఏ కుర్రాడి వీడియో చూసినా గోల్స్ చూడను, వాడి మీద మనిషి ఉన్నప్పుడు బంతి ఎలా వదిలాడా అనే చూస్తా. హైలైట్స్‌లో అది కనబడదు, అందుకే హైలైట్స్ చూసి మురిసిపోవద్దంటా.

ఒంగోలు దగ్గర్నుంచి:

మీ ఆట నాకు తెలవదు గానీ మాట మీద ఒకటి చెప్పాలనిపిస్తంది. మా వైపు ఎడ్లతో బండలాగుడు పందేలు పెడతారు కదా, వాటిల్లో గిత్తల్ని పళ్ళని బట్టి విడదీస్తారు. పాలపళ్ళ జత వేరు, రెండు పళ్ళది వేరు, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది, ఆ పైన సీనియర్లు. రెండు పళ్ళ గిత్త బ్రహ్మాండంగా లాగిందనుకో, రైతు సంతోషపడతాడు, కొనేవాడొస్తాడు, కానీ అది సీనియర్ బండ లాగుద్దని ఎవడూ రాసివ్వడు. ఎందుకంటే ఇంకా చేవ దేరలేదు అంటాం. ఈ "చేవ" మాట మీరెవరూ ఎత్తలేదే? కొమ్మ నరికితే మధ్యలో నల్లగా గట్టిగా ఉండేది చేవ, లేత చెట్టులో అది ఉండదు, కాలం మీద వస్తది. మనిషికీ అదే అంటాం, కుర్రాడు ఏపుగా ఉన్నాడు గానీ చేవ దేరాల అని. అట్టా అంటే వాడికి తక్కువ చేసినట్టు కాదు, రావాల్సిందింకా ఉందని.

పాయింట్ కుక్ నుంచి:

సార్, ఇది నేను అసలు అనుకోలేదు. "చేవ చచ్చిన" అని తిట్టడమే విన్నాను ఇంతవరకు, చేవ దేరడం అనేది ఉందని తెలీదు. మా అబ్బాయి రక్ కాబట్టి ఇంకా బాగా సరిపోతుంది, ఇక్కడ అందరూ రక్‌లకి టైం పడుతుంది, ఇరవై నాలుగు ఇరవై ఐదు దాటాకే చూడాలి అంటుంటారు.

బాక్స్ హిల్ నుంచి:

ఒంగోలు అన్నగారికి దండం. నేను వేమన దాకా వెళ్ళా, అసలైన మాట ఆయన దగ్గరుంది. తమ్ముడూ, రక్‌ల సంగతి నువ్వన్నది నిజం. చిన్న మిడ్‌ఫీల్డర్ మొదటి ఏడాదే ఆడేస్తాడు, డేకాస్, వాల్ష్ ఇద్దరూ ఆ బాపతే. పొడుగాటివాళ్ళకి అలా కాదు, వంద కిలోలున్న ముప్ఫయ్యేళ్ళ మనిషితో ఛాతీకి ఛాతీ కొట్టుకోవాలి, అది పద్దెనిమిదేళ్ళ ఒంటివల్ల కాదు. 2008 మొదటి పిక్ జాక్ వాట్స్ అని మాకు ఇంకో పొడుగాటి కుర్రాడుండేవాడు, వాణ్ణి 2009 జూన్‌లో ఎంసీజీలో కాలింగ్‌వుడ్ మీద క్వీన్స్ బర్త్‌డే మ్యాచ్‌లో దించారు. మొదటి మ్యాచ్ అదే! అవతలివాళ్ళు మీద పడి కుమ్మేశారు, తర్వాత వాడు ఎంత బాగా ఆడినా జనం ఆ రోజుని మర్చిపోలేదు. ఎవరి తప్పు? చేవ దేరకముందే సీనియర్ బండకి కట్టినవాళ్ళది. ఆ పిల్లాణ్ణి ఏళ్ళపాటు వేళాకోళం చేసిన వాళ్ళ మీద నాకింకా కోపమే.

కాబట్టి మీ అబ్బాయి మీద గ్రూపులో రాసేటప్పుడు ఆ పెద్ద సామెత బరువు పెట్టొద్దు. మొదటి కాంట్రాక్టు ఎలాగూ రెండు మూడేళ్ళే ఉంటుంది, ఆ లోపలే వాణ్ణి అందరూ వంద రకాలుగా అంటారు. "సరుకున్న కుర్రాడు, చేవ దేరనివ్వండి" అని రాయి, చదివినవాళ్ళకి అర్థమవుతుంది, రేపెప్పుడన్నా ఆ అబ్బాయికి ఎవరన్నా తర్జుమా చేసి చెప్పినా వాడికి బాధ ఉండదు.

హన్మకొండ నుంచి:

గిది మంచి ముచ్చట. మా దిక్కు గూడ చేవ అంటం, చేవ ఉన్న కట్టె, చేవ ఉన్న మనిషి. "చేవ దేరుడు" మా తాత అంటుండె, ఇప్పటి పోరగాళ్ళు అంటలేరు. కొన్ని ఊళ్ళల్ల చేవ పట్టింది అని గూడ ఇన్న. ఒంగోలు సార్, మీ దగ్గర "దేరింది" అంటరా "తేలింది" అంటరా? తుమ్మకు, మద్దికి ఒక తీరు, మనిషికి ఇంకో తీరు అంటరా, లేక అన్నిటికీ ఒకటేనా, జర చెప్పండి.

ఒంగోలు దగ్గర్నుంచి:

తుమ్మకైనా మనిషికైనా "దేరింది" అనే అంటాం సార్. "తేలింది" అనేది అటు పల్నాడు వైపు చుట్టాల నోట విన్నా. రెండూ ఒకే అర్థంలోనే వాడతారు.