బెవ్రైడింగ్: విముక్తా, విమోచనా?

ఒక ఫొటో కింద రెండు లైన్లు రాయాలి. 1945 మే, హాలండ్‌లో ఒక వీధి, కెనడా సైనికుల ట్రక్కు, బానెట్ మీద కూడా పిల్లలే. జర్మన్ల ఆక్రమణ నుంచి బయటపడినందుకు డచ్చివాళ్లు ఏటా మే 5న జరుపుకునే రోజును బెవ్రైడింగ్స్‌డాఖ్ అంటారు, 'డాఖ్' అంటే రోజు. 'స్వాతంత్ర్య దినం' అని రాస్తే ఎడిటర్ గారు కొట్టేశారు, 'విముక్తి దినం' అంటే పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. మరేం రాయాలో ఆయన చెప్పరు, మీరైనా చెప్పండి.

— కొట్టేయడం న్యాయమే. 1940 మేలో హిట్లర్ సేన వచ్చేదాకా వాళ్లది స్వతంత్ర దేశమే కదండీ. ఇక విముక్తి అంటే బయటపడటం, ఎవరు బయటపడేశారో ఆ మాటకి పట్టదు. విమోచనానికి మాత్రం విడిపించేవాడు ఒకడుండాలి. శాపవిమోచనం అంటాం చూడండి, అహల్య తనంతట తాను లేవలేదు, రాముడి పాదం తగలాల్సి వచ్చింది. పత్రికలు రెండిటినీ కలిపేసి వాడుతున్నాయి, అది వేరే సంగతి. డచ్చిలో 'వ్రై' అంటే స్వేచ్ఛగా ఉన్న, ముందు 'బె' చేరితే స్వేచ్ఛ కలిగించడం. కాబట్టి నా ఓటు విమోచనకే. ఆ నేల మీద 7,600 మందికి పైగా కెనడా సైనికులు చనిపోయారు, మనం వాడే మాటలో వాళ్లకి చోటుండాలి. హోల్టెన్‌లో వాళ్ల సమాధులు దాదాపు 1,400 ఉన్నాయి, క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఆ ఊరి పిల్లలు వచ్చి ఒక్కోదాని దగ్గరా ఒక కొవ్వొత్తి వెలిగించి పెడతారు.

— అన్నా, మా తెలంగాణలో విమోచన అంటే సెప్టెంబర్ 17. విమోచనమా విలీనమా అని మా ఇంట్లో అన్నం దగ్గరే గొడవైతది. ఆ మాట పెడితే సగంమంది ఫొటో వదిలేసి కామెంట్లలో కొట్టుకుంటరు. 'చెర విడిపించిన' అనరాదే?

— చెర బాగుంది, సీతమ్మ చెర అందరికీ తెలుసు. కానీ 'దినం' దగ్గర జాగ్రత్త. దక్షిణాన మాస్ట్రిక్ట్‌లోకి అమెరికన్లు 1944 సెప్టెంబర్‌లోనే వచ్చేశారు, ఆ శరదృతువులోనే కెనడావాళ్లు స్కెల్ట్ నది సముద్రంలో కలిసే చోట బురదలో పడి పోరాడారు. పడమటి ఊళ్లు మాత్రం చలికాలమంతా జర్మన్ల కిందే ఉండి తిండిలేక మాడాయి. మే 5న వాఖెనింగెన్‌లోని ఒక హోటల్లో కెనడా జనరల్ ఫౌక్స్, జర్మన్ జనరల్ బ్లాస్కోవిట్స్‌ని కూర్చోబెట్టి లొంగుబాటు సంగతి తేల్చాడు, అందుకే ఆ తేదీ. అన్నట్టు, ఆ చలికాలంలో జనం 'తులిప్ బల్బులు' తిన్నారని ఒక అనువాదంలో చదివి కరెంటు బల్బులు గుర్తొచ్చాయి. గడ్డలు అనొచ్చుగా, ఉల్లిగడ్డలాంటివేగా!

— అందరికీ థాంక్సండీ. 'జర్మన్ల చెర నుంచి తమను విడిపించిన కెనడా సైనికులతో హాలండ్ జనం, 1945 మే' అని పంపాను, ఎడిటర్ గారు ఏమీ అనలేదు. ఇంకో చిక్కు. ఆ చలికాలాన్ని డచ్చివాళ్లు 'హోంగర్‌వింటర్' అంటారు. 'ఆకలి చలికాలం' అంటే చప్పగా ఉంది, 'కరువు' అంటే వానల్లేక వచ్చిందనుకుంటారు. ఏమనాలి?